మహావర్తం ఖండాన్ని పంచుకోవడం ఎలా: సరిహద్దులు గీసే ముందు ఒక చర్చ

ఏటిగట్టు (నిర్వాహకులు)

సభ్యులందరికీ నమస్కారం. మన కథల కోసం మనమంతా కలిసి నిర్మిస్తున్న ఊహా ఖండం మహావర్తానికి ఆధార పటం సిద్ధమైంది. పటం వెడల్పు 4,800 పిక్సెళ్లు, ఎత్తు 3,600 పిక్సెళ్లు. ఒక్కో పిక్సెల్ అర కిలోమీటరుకు సమానం. అంటే తూర్పు పడమరలుగా 2,400, ఉత్తర దక్షిణాలుగా 1,800 కిలోమీటర్ల చట్రంలో ఖండం ఇమిడింది. సముద్రాన్ని తీసివేస్తే నేల సుమారు 21 లక్షల చదరపు కిలోమీటర్లు తేలింది. పడమటి అంచున కావడికొండలు, వాటి తూర్పు వాలున పుట్టి ఖండానికి అడ్డంగా పారి ఆరుపాయల డెల్టా దగ్గర కడలిలో కలిసే సోమిరి నది, నడుమ వానలు తక్కువగా పడే బయలుసీమ, ఆ సీమ మీదుగా వచ్చి సోమిరిలో కలిసే ఎర్రేరు, దక్షిణాన విడిగా సముద్రం చేరే వింజేరు. ఇంతవరకు మనలో ఎవరికీ అభ్యంతరం లేదు.

ఈ నేలను పన్నెండుమంది రచయితలం ఎలా పంచుకోవాలన్నది ఇప్పుడు తేలాలి. ఎవరికి నచ్చిన చోట వారు రాజ్యం గీసుకుంటే ఏమవుతుందో మనం ఇంతకుముందు కలిసి రాసిన కిందటి ఊహా ప్రపంచంలో చూశాం. ఒకే రేవు పట్టణానికి ఇద్దరు రచయితలు రెండు పేర్లు పెట్టి, రెండు రాజవంశాలను కూర్చోబెట్టారు. ఈసారి గీత గీయడానికి ముందే నియమం రాసుకుందాం. నా మట్టుకు నేను నదుల పరీవాహక ప్రాంతాలను బట్టి పంచుకోవడం మేలని అనుకుంటున్నాను. వేరే పద్ధతి మేలని భావించేవారు కారణాలతో సహా రాయవలసిందిగా మనవి.

చదరంగం

పరీవాహక ప్రాంతాలు ఒకదానితో ఒకటి సమానంగా ఉండవు కనుక ఆ పంపకం న్యాయంగా ఉండదని నా అభిప్రాయం. ఖండం మొత్తాన్ని షడ్భుజి గడులుగా విడగొడదాం. ఎదురెదురు భుజాల మధ్య దూరం 30 కిలోమీటర్లు పెట్టుకుంటే, ఒక గడి నడిమి నుంచి పక్క గడి నడిమికి వెళ్లడం ఒక పగటి నడక అవుతుంది. అలాంటి గడి ఒక్కొక్కటి సుమారు 780 చదరపు కిలోమీటర్లు. మొత్తం దాదాపు 2,700 గడులు వస్తాయి, తలా 225.

ఎంచుకునే వరుసను చీటీలు తీసి నిర్ణయించి, మొదటి విడతలో ఒకటి నుంచి పన్నెండు దాకా, రెండో విడతలో పన్నెండు నుంచి ఒకటి దాకా వెనక్కి వస్తే, చివర ఎంచుకునేవారికి వరుసగా రెండు అవకాశాలు దక్కుతాయి కనుక ముందున్నవారి లాభం కొంత తగ్గుతుంది. షడ్భుజిలో పక్క గడులన్నీ నడిమి నుంచి సమాన దూరంలో ఉంటాయి. చతురస్రపు గడిలో మూలల మీదుగా వెళ్లే దూరం ఎక్కువ కనుక ప్రయాణపు లెక్క తప్పుతుంది. సైన్యం ఎన్ని రోజులకు కోట చేరుతుందో, ఉప్పు బండ్లు ఎన్ని మజిలీలు దిగాలో లెక్కించడానికి ఇంతకంటే సులువైన పద్ధతి నాకు కనిపించడం లేదు.

కొలబద్ద

చదరంగం గారు చెప్పిన గడులు దూరాలు లెక్కించడానికి చక్కగా పనికొస్తాయి. వాటి అంచులనే సరిహద్దులుగా చేసుకోవడంతో మాత్రం నేను ఏకీభవించలేను. సర్వే శాఖలో పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. హద్దు ఎక్కడ నిలుస్తుందో, ఎక్కడ తగువు అవుతుందో పొలం గట్ల మీద నిలబడి చూసినవాణ్ణి.

తూర్పు చాళుక్యుల తామ్ర శాసనాలు చదివినవారికి తెలుసు. దానమిచ్చిన గ్రామపు ఎల్లలను అందులో దిక్కుల వారీగా చెబుతారు. చెరువు, చెట్టు, పుట్ట, గుట్ట, పక్క ఊరి పొలిమేర ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. ఆ శాసనం చేతిలో పట్టుకుని ఊరి చుట్టూ నడిచి రావచ్చు. కనిపించే గుర్తులున్న హద్దును మనుషులు గుర్తుంచుకుంటారు, దాని మీద కథలు చెప్పుకుంటారు, అక్కడ పొలిమేర దేవతను నిలుపుతారు. గడి అంచు ఒక పల్లె నడుమగా, ఒక చెరువు అలుగును అవతలికి, తూమును ఇవతలికి తోసి వెళ్లిపోతే, ఆ పల్లె గురించి రాయవలసిన ఇద్దరు రచయితలకూ అది సగం సగంగానే మిగులుతుంది.

కాగితం మీద మాత్రమే ఉండే గీత ఎంత చిక్కు తెస్తుందో చెప్పడానికి 1494 నాటి తోర్దెసిల్యాస్ ఒప్పందమే చాలు. స్పెయిన్, పోర్చుగల్ రాజ్యాలు కేప్ వెర్దె దీవులకు పడమరగా 370 లీగుల దూరాన ఉత్తర దక్షిణాలుగా ఒక గీత ఉన్నట్లు ఊహించి, లోకాన్ని తూర్పు వాటాగా, పడమటి వాటాగా పంచుకున్నాయి. ఆ దీవుల్లో ఏ దీవి నుంచి కొలవాలో అందులో రాయలేదు. లీగు నిడివి ఎంతో ఇరుపక్షాలకూ ఒకే లెక్క లేదు. నడి సముద్రంలో రేఖాంశాన్ని కచ్చితంగా తేల్చే సాధనం ఆనాటి నావికుల దగ్గర లేదు. భూగోళానికి ఆవలి వైపున సుగంధ ద్రవ్యాల దీవులు ఎవరి వాటాలోకి వస్తాయన్న తగువు లేవడంతో 1529లో సరగోసాలో మరో ఒప్పందం చేసుకోవలసి వచ్చింది. మనం ఏ పద్ధతి ఎంచుకున్నా, కొలత ఎక్కడ మొదలవుతుందో, ఏ కొలబద్దతో కొలుస్తామో ముందు రాసిపెట్టుకోవాలి. 1802లో మద్రాసు దగ్గర సెయింట్ థామస్ మౌంట్ పరిసరాల్లో సర్వే అధికారి లాంబ్టన్ ఏడున్నర మైళ్ల ఆధార రేఖను, అంటే మిగతా దూరాలన్నిటికీ మూలమయ్యే కొలతను, ఎంతో ఓపికగా కొలిచిన తర్వాతే మన దేశపు మహా త్రికోణమితీయ సర్వే ముందుకు సాగింది. అలాంటి ఆధార రేఖ మనకూ ఒకటి కావాలి. కావడికొండల గొంతు కనుమ నుంచి సోమిరి సాగర సంగమం దాకా ఉన్న దూరాన్ని అందుకు తీసుకుందామని నా సూచన.

పరీవాహక ప్రాంతమే ఎందుకు అంటే, నీరు తన హద్దును తానే గీసుకుంటుంది. గోదావరి నాసిక్ దగ్గర త్ర్యంబకేశ్వరంలో, అరేబియా సముద్రానికి వంద కిలోమీటర్ల లోపే పుట్టి కూడా, పడమటి కనుమల గట్టుకు ఇవతల పుట్టింది కనుక 1,465 కిలోమీటర్లు తూర్పుకు పారి బంగాళాఖాతంలో కలుస్తున్నది. ఆ గట్టుకు అటూ ఇటూ వాన వేరు, పంట వేరు, ఇంటి కప్పు వేరు. ఆ తేడాలన్నీ కథకు సిద్ధంగా దొరికే సరుకు.

తొలకరి

నేను ఈ మధ్యనే చేరాను. ఒక సందేహం. 21 లక్షల చదరపు కిలోమీటర్లను పన్నెండుతో భాగిస్తే తలా 1.75 లక్షలు వస్తాయి. నేటి ఆంధ్రప్రదేశ్ విస్తీర్ణం సుమారు 1.63 లక్షలు, తెలంగాణ 1.12 లక్షలు. అంటే ఒక్కొక్కరం ఆంధ్రప్రదేశ్ కంటే పెద్ద నేలను తీసుకుని, అందులో ఊళ్లు, బాటలు, జాతరలు, సంతలు అన్నీ ఒంటరిగా నింపగలమా? నింపలేని నేలను పేరు రాసి ఉంచుకోవడం వల్ల, రేపు చేరబోయేవారికి ఏం మిగులుతుంది?

తలా 60 గడులకు మించకుండా మొదలుపెడితే బాగుంటుందని నాకనిపిస్తున్నది. అదే దాదాపు 47,000 చదరపు కిలోమీటర్లు, అంటే పాత అనంతపురం జిల్లాకు సుమారు రెండున్నర రెట్లు. మిగతా దాదాపు 2,000 గడులు ఉమ్మడి నేలగా ఉండనివ్వవచ్చు.

వెన్నెలగుట్ట

తొలకరి గారి మాటతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. విస్తీర్ణాన్ని సమానం చేయడానికి మనం పడుతున్న తాపత్రయం అసలు విషయాన్ని కప్పేస్తున్నది. కథ పుట్టేది లేమి దగ్గర. సముద్రం లేని రాజ్యానికి ఉప్పు కావాలి; కొండ లేని రాజ్యానికి ఇనుము కావాలి; బయలుసీమకు నీరు కావాలి. ప్రతి రచయిత వాటాలోనూ కొండ, నది, తీరం, అడవి అన్నీ సమానంగా అమర్చితే ఎవరికి ఎవరితోనూ పని ఉండదు. పన్నెండు రాజ్యాలూ తలుపులు వేసుకుని కూర్చుంటాయి. అందువల్ల ప్రతి వాటాలోనూ తప్పనిసరిగా ఏదో ఒకటి లోపించాలన్నది నియమంగా పెట్టుకోవాలని కోరుతున్నాను.

బయలుసీమను ఎవరూ కోరుకోరేమోనని కొందరు అంటున్నారు. నేను కోరుకుంటున్నాను. కాకతీయుల కాలపు పాకాల, రామప్ప, లక్నవరం చెరువులు ఎలాంటి నేల మీద వచ్చాయో గుర్తుచేసుకోండి. సంవత్సరమంతా పారే పెద్ద ఏరు చేతికందని చోట, రెండు గుట్టల నడుమ కట్ట వేసి వాన నీటిని ఆపారు. చెరువు కట్టించడం రాజుకూ సామంతుకూ కీర్తి అయింది. దాని కింది మాగాణి ఊరికి అన్నం పెట్టింది. కట్ట తెగితే ఊరు తెగినట్టే కనుక కట్టను కాచుకునే పనీ, దాని చుట్టూ ఆచారాలూ ఏర్పడ్డాయి. ఎర్రేటి ఎగువన అలాంటి గొలుసుకట్టు చెరువుల రాజ్యాన్ని రాయాలని ఉంది. ఒక చెరువు నిండి అలుగు పారితే దిగువ చెరువులోకి నీరు చేరే ఆ వరుసే అక్కడి సామంతుల వరుస కూడా అవుతుంది.

లంకవాసి

పరీవాహక ప్రాంతాలకు నా సమ్మతి ఉంది. అయితే కొందరు నదినే సరిహద్దుగా గీస్తున్నారు. ఆ రెండూ ఒకటి కావు. రెండు పరీవాహక ప్రాంతాల నడుమ ఎత్తుగా ఉండే గట్టు మీద నీరు రెండు వైపులకు విడిపోతుంది కనుక అది హద్దుగా కుదురుతుంది. నది దగ్గర రెండు ఒడ్డుల మనుషులూ కలుస్తారు. ఒకే రేవులో దిగి, ఒకే పడవలో దాటి, ఒకే వారపు సంతకు వెళతారు. పైగా నది కదులుతుంది.

ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలిన తర్వాతి లంకల్లో పెరిగినవారికి ఇది చెప్పనక్కరలేదు. వరద తీసిన తర్వాత ఏటి ఒడ్డు అంచున నిలబడి చూస్తే, నిన్నటిదాకా తోటలో ఉన్న కొబ్బరి చెట్టు వేళ్లన్నీ బయటపడి ఏటి మీదికి వంగి ఉంటుంది. దాని పక్కన ఒడ్డు నిట్టనిలువుగా కోసుకుపోయి, పై పొరలో నల్ల మట్టి, కింద తెల్లని ఇసుక అరల్లా కనిపిస్తాయి. పట్టాదారు చేతిలోని కాగితం ప్రకారం అతని భూమి ఇంకా ఉంది. అది ఇప్పుడు నీటి కింద ఉంది. అదే వేళ అవతలి పాయలో కొత్తగా మేట వేసి, రెల్లు మొలిచి, ఏడాది తిరిగేసరికి ఎవరో దోస పాదులు పెడతారు. ఆ కొత్త లంక ఎవరిది? కోత పడిన ఊరిదా, మేట పడిన ఊరిదా? ఈ ఒక్క ప్రశ్న మీద మన ప్రపంచంలో నాలుగు తరాల కథ నడపవచ్చు.

దేశాల మధ్య కూడా ఇదే జరిగింది. అమెరికా, మెక్సికోల మధ్య రియో గ్రాండె నది హద్దుగా ఉండగా, 1864 వరదల్లో అది ఎల్ పాసో దగ్గర దక్షిణానికి జరిగింది. చమిసాల్ అనే ఆ నేల తునక ఎవరిదన్న తగువు 1963 ఒప్పందంతో గానీ ముగియలేదు. చివరకు నది మళ్లీ కదలకుండా కాంక్రీటు కాలువలో పారించారు. బీహార్‌లో కోసీ నది రెండు శతాబ్దాలకు పైబడిన కాలంలో వంద కిలోమీటర్లకు మించి పడమరకు జరిగింది. కథాకాలం అయిదు వందల ఏళ్లు అనుకుంటున్న మనం నదిని హద్దు చేస్తే, ఆ నది ఏ సంవత్సరంలో ఎక్కడ ఉన్నదో కూడా గీయవలసి ఉంటుంది. నది ఒకరి వాటాలో రెండు ఒడ్డులతో సహా ఉండనివ్వండి.

పటం పొరలు

డల్లాస్ నుంచి రాస్తున్నాను. వృత్తిరీత్యా పటాల సాఫ్ట్‌వేర్‌తోనే పని. సాంకేతికంగా రెండు విషయాలు చెప్పాలి.

మొదటిది. ఇద్దరు పొరుగు రచయితలు తమ తమ రాజ్యాలను విడివిడిగా గీసి పంపితే, ఆ రెండు గీతలు ఎన్నటికీ సరిగ్గా ఒకదాని మీద ఒకటి కూర్చోవు. దగ్గరికి వెళ్లి చూస్తే కొన్నిచోట్ల ఎవరికీ చెందని సన్నని పేలికలు, కొన్నిచోట్ల ఇద్దరికీ చెందిన పేలికలు కనిపిస్తాయి. పటాన్ని పెద్దది చేసినప్పుడల్లా అక్కడొక ఊరు పెట్టవలసి వచ్చి గొడవ మొదలవుతుంది. కాబట్టి రెండు రాజ్యాల నడుమ గీతను ఒక్కసారే గీసి, ఆ ఒక్క గీతనే ఇద్దరూ వాడుకోవాలి. మూడు వాటాలు కలిసే ప్రతి బిందువుకూ ఒక సంఖ్య ఇవ్వాలి. గీత అలాంటి ఒక బిందువులో మొదలై మరో బిందువులో ముగియాలి. క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేర్‌లో దీన్ని సరిచూసే సాధనం ఉంది, ఉచితంగానే దొరుకుతుంది. ఎత్తులు, నదులు, అడవులు, బాటలు, హద్దులు, పేర్లు వేర్వేరు పొరలుగా ఉంచి, ఎత్తులు, నదుల పొరలను తాళం వేసినట్టు ఉంచాలి.

రెండవది తీరరేఖ. ఎవరికి ఎన్ని కిలోమీటర్ల తీరం వచ్చిందని లెక్కపెట్టి పంచుకుందామన్న సూచన ఒకటి చూశాను. తీరం పొడవు మనం ఎంత దగ్గరగా చూసి కొలిచామన్నదాన్ని బట్టి మారుతుంది. భారతదేశపు తీరరేఖ పాత లెక్కల్లో 7,516 కిలోమీటర్లు; మరింత వివరమైన పటాల మీద తిరిగి కొలిచిన తర్వాత 11,098 కిలోమీటర్లుగా ప్రకటించారు. నేల పెరగలేదు, కయ్యలు, క్రీకులు, దీవుల వంపులు లెక్కలోకి వచ్చాయి. కాబట్టి తీరాన్ని కిలోమీటర్లతో పంచుకోవద్దు. ఓడ నిలిచే రేవులు ఎన్ని ఉన్నాయో చూసి పంచుకుందాం.

మనలాంటి ప్రయత్నానికి ఓపెన్‌జియోఫిక్షన్ అనే వెబ్‌సైట్ మంచి ఉదాహరణ. అందరూ కలిసి గీసే నిజ ప్రపంచపు పటం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వాడే సాఫ్ట్‌వేర్‌తోనే అక్కడ ఊహా ప్రపంచాన్ని గీస్తారు. కొన్ని దేశాలను ఒక్కొక్క సభ్యుడికి కేటాయిస్తారు. కొన్ని ప్రాంతాలను ఎవరైనా గీయడానికి వదిలేస్తారు. కొత్తవారు అలాంటి ఉమ్మడి నేల మీద చేయి తిప్పుకోవచ్చు. తొలకరి గారి సూచన దానికి దగ్గరగా ఉంది.

చదరంగం

గడులను కొలతకు మాత్రమే వాడుకుందామన్న సవరణకు అంగీకరిస్తాను. కానీ అసలు సమస్య అలాగే ఉంది. ఆరుపాయల డెల్టాను ఇప్పటికే అయిదుగురు కోరుతున్నారు. రేవులన్నీ అక్కడే, మాగాణి అంతా అక్కడే, ఎగువ నుంచి వచ్చే సరుకంతా అక్కడికే చేరుతుంది. పరీవాహక ప్రాంతాల పద్ధతిలో అది ఒక్కరికే దక్కితే, మిగతా పదకొండుమంది కథల్లోని ప్రతి వర్తకుడూ ఆ ఒక్క రచయిత అనుమతితోనే ఓడ ఎక్కవలసి వస్తుంది. దీనికి పరిష్కారం చెప్పండి.

కొలబద్ద

చదరంగం గారు సరైన చోట వేలు పెట్టారు. ఈ చర్చలో మనం రెండు వేర్వేరు హద్దులను ఒకటిగా మాట్లాడుతున్నామని నాకనిపిస్తున్నది. ఒకటి రచయితల హద్దు: ఫలానా నేల గురించి రాసే బాధ్యత ఎవరిది అన్నది. రెండవది రాజ్యాల హద్దు: కథలో ఆ నేలను ఏ రాజు ఏలుతున్నాడన్నది. మొదటిది స్థిరంగా, తగువుకు తావులేకుండా ఉండాలి. రెండవది ఎంత కదిలితే కథకు అంత మంచిది.

ఇవి రెండూ ఒకటే అనుకున్నప్పుడు ఏమవుతుందంటే, కథలో ఒక రాజు ఓడిపోతే ఆ రచయిత తన నేల పోయినట్టు బాధపడతాడు. అందుకని ఎవరూ ఓడిపోవడానికి ఒప్పుకోరు. ప్రతి యుద్ధమూ సంధితో ముగుస్తుంది, ప్రతి కోటా అజేయంగా ఉంటుంది, అయిదు వందల ఏళ్ల చరిత్రలో ఒక్క రాజధాని కూడా మారదు. కిందటి ప్రపంచం అర్ధంతరంగా ఆగిపోవడానికి పేర్ల గొడవ కంటే ఇదే పెద్ద కారణమని నా నమ్మకం. విడదీసి చూస్తే, వెన్నెలగుట్ట గారి బయలుసీమను దిగువ రాజు జయించినా, ఆ సీమలో ఓడినవారి బతుకు ఎలా ఉందో రాసే అధికారం వెన్నెలగుట్ట గారిదే. గెలిచిన రాజు రచయిత తన రాజును పంపగలడు గానీ, ఆ ఊరి జనం అతన్ని ఎలా చూశారో చెప్పలేడు.

ఇక రాజ్యాల హద్దు గీత పక్కన కథాకాలపు సంవత్సరం తప్పక ఉండాలి. ఇరు రాజ్యాలూ ఒప్పుకున్న హద్దును నిండు గీతగా, ఒక్క రాజ్యమే చెప్పుకునే హద్దును తెగిన గీతగా, ఇంకా ఎవరూ వెళ్లి చూడని హద్దును చుక్కలుగా గీద్దాం. ఒకే సంవత్సరానికి రెండు ఆస్థానాల పటాలు రెండు రకాలుగా ఉండవచ్చు. అది మన లోపంగా భావించనక్కరలేదు. ఆ ఆస్థానాల మధ్య తగువుకు అదే సాక్ష్యం.

నల్లరేగడి

కొలబద్ద గారు చేసిన విభజన నాకు చాలా నచ్చింది. దానికి నీటిని కూడా చేర్చాలి. ఎగువ రచయిత తన రాజ్యంలో ఆనకట్ట కట్టిస్తే దిగువ రచయిత నది ఎండుతుంది. ఇక్కడ రచయితల హద్దు మాత్రమే చాలదు, ఎందుకంటే నీరు హద్దు దాటి వెళుతుంది.

కృష్ణా జలాల విషయంలో 1969లో ఏర్పాటైన బచావత్ ట్రిబ్యునల్ 1973లో ఇచ్చిన తీర్పును చూడండి. వందేళ్లలో డెబ్బై అయిదేళ్లు నికరంగా దొరుకుతుందనుకున్న 2,060 టీఎంసీల నీటిలో మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 800 కేటాయించారు. మంచి ఏడాదిలో ఎంత నీరు వస్తుందన్నదాని మీద కాకుండా, ఎక్కువ ఏళ్లు ఎంత దొరుకుతుందన్నదాని మీద పంపకం చేశారన్నది మనం గమనించవలసిన సంగతి. అప్పటికే వాడుకలో ఉన్న ప్రాజెక్టుల నీటికి రక్షణ ఇచ్చారు. సోమిరికీ అలాంటి లెక్క ఒకటి ఉండాలి: సాధారణ ఏడాది, కరువు ఏడాది, వరద ఏడాది అని మూడు రకాలు పెట్టుకుని, కథాకాలంలో ఏ సంవత్సరం ఏ రకమో అందరికీ కలిపి ఒకే పట్టికలో రాసిపెడదాం. అప్పుడు ఎగువన కరువని ఒకరు రాసి, అదే ఏడాది దిగువన వరదని మరొకరు రాసే ఇబ్బంది తప్పుతుంది.

మంత్రశక్తి సంగతి కూడా ఇక్కడే తేల్చాలి. ఒక మాంత్రికుడు నదిని మళ్లించినట్టు, కొండను కదిపినట్టు, సముద్రాన్ని వెనక్కి నెట్టినట్టు రాస్తే అది ఆధార పటాన్ని మారుస్తుంది. అలాంటి మంత్రం ఏ రచయిత వాటాలో జరిగినా, దాని వల్ల నీరు తగ్గేవారూ పెరిగేవారూ అందరూ ముందుగా ఒప్పుకోవాలి. దానికి కథలో చెల్లించవలసిన మూల్యం కూడా ఉండాలి. వాన మంత్రానికి బయలుసీమ రైతు ఏమిచ్చుకుంటాడన్నది పెద్ద ప్రశ్న. దాన్ని ఒక్క వాక్యంలో దాటేయకూడదు.

వెన్నెలగుట్ట

డెల్టా గురించి నా సూచన. పాయల వారీగా దాన్ని ముగ్గురికి పంచి, సాగర సంగమం దగ్గరి పెద్ద రేవు పట్టణాన్ని మాత్రం ఎవరి వాటాలోనూ చేర్చకుండా ఉమ్మడిగా ఉంచుదాం. ఆ పట్టణంలో ప్రతి రచయితకూ ఒక వీధి ఇద్దాం. బయలుసీమ వాళ్ల వీధిలో కంబళ్లు, కొండ వాళ్ల వీధిలో తేనె, ఇనుము. ఎవరి జనం అక్కడ ఎలా బతుకుతున్నారో వారే రాస్తారు. పట్టణపు సుంకం, కోట కాపలా, ఓడల వరుస వంటివి మాత్రం అందరం కలిసి రాసుకున్న నియమాల ప్రకారం నడుస్తాయి.

ఇంకొకటి కోరుకుంటున్నాను. దిగువ రాజ్యం నడుమ, మా బయలుసీమ రాజ్యానికి చెందిన చిన్న గుడి ఊరు ఒకటి విడిగా ఉండనివ్వండి. ఆంధ్రప్రదేశ్ నేల నడుమ ఉన్న యానాం పాలన పుదుచ్చేరి కింద ఉన్నట్టు అన్నమాట. ఫ్రెంచివారి కాలపు చరిత్ర అక్కడ అలా మిగిలింది. చుట్టూ పరాయి నేల ఉన్న ఊరికి వెళ్లే బాట, ఆ బాట మీద సుంకం, పండుగనాడు దారి వదలడం, ఇవన్నీ రాయాలని ఉంది.

పటం పొరలు

ఒకటి రెండు అలాంటి ఊళ్లు ఉంటే ఇబ్బంది లేదు. అంతకు మించనివ్వవద్దని మనవి. భారత్, బంగ్లాదేశ్‌ల మధ్య కూచ్ బెహార్ ప్రాంతంలో 2015 జూలై 31 అర్ధరాత్రి మార్పిడి జరిగేదాకా అలాంటి తునకలు 162 ఉండేవి: అవతల 111 మనవి, ఇవతల 51 వారివి. దహలా ఖాగ్రాబాడీ అనే చోట అయితే, బంగ్లాదేశ్ లోపల ఉన్న భారత తునక లోపల బంగ్లాదేశ్ తునక, దాని లోపల మళ్లీ ఒక భారత పొలం ఉండేది. ఆ తునకల్లో పుట్టినవారికి బడి, ఆసుపత్రి, ఓటు ఏవీ సవ్యంగా అందలేదు. అలాంటి ఊరిని రాసేవారు అక్కడి జనం ఇబ్బందిని కూడా రాస్తారని ఆశిస్తాను.

పటానికి రంగులు వేసేటప్పుడు కూడా దీని ప్రభావం ఉంటుంది. ప్రతి వాటా ఒకే ముక్కగా ఉంటే, పొరుగు వాటాలకు ఒకే రంగు రాకుండా ఎంతటి పటానికైనా నాలుగు రంగులు చాలునని 1976లో గణిత శాస్త్రవేత్తలు ఏపెల్, హాకెన్ కంప్యూటర్ సాయంతో నిరూపించారు. విడి తునకలు చేరితే ఆ హామీ ఉండదు.

తొలకరి

ఒక రచయిత మధ్యలో రాయడం ఆపేస్తే ఆ నేల సంగతేమిటి? నాకు ఉద్యోగం, చిన్న పిల్లలు. కొన్ని నెలలు కనిపించకపోవచ్చు. తిరిగి వచ్చేసరికి నా ఊళ్ల పేర్లు మారిపోయి ఉంటాయేమోనన్న భయం ఉంది.

ఏటిగట్టు (నిర్వాహకులు)

ఆ భయం తీర్చవలసిన బాధ్యత నిర్వాహకులదే. ఇంతవరకు వచ్చిన అభిప్రాయాలను బట్టి నియమావళి ముసాయిదాను ఇలా రాస్తున్నాను.

రచయితల హద్దులు పరీవాహక ప్రాంతాల గట్ల వెంట ఉంటాయి. ఏ నదీ ఇద్దరి మధ్య హద్దుగా ఉండదు. మొదట్లో తలా 60 గడులకు మించి తీసుకోరాదు. మిగిలిన నేల ఉమ్మడి. అక్కడ ఎవరైనా రాయవచ్చు, కానీ రాసినదాన్ని ఇతరులు కొట్టివేయరాదు. తన వాటా నిండుగా రాసిన తర్వాత పక్కనున్న ఉమ్మడి నేలను అడగవచ్చు. ఎంపిక వరుస చదరంగం గారు చెప్పినట్టు చీటీలతో మొదలై విడత విడతకూ తిరగబడుతుంది. డెల్టా ముగ్గురిది, సంగమం దగ్గరి రేవు పట్టణం అందరిదీ. ప్రతి వాటాలోనూ ఉప్పు, ఇనుము, కలప, నిలకడైన నీరు అనే నాలుగింటిలో కనీసం ఒకటి లోపించాలి. రాజ్యాల హద్దులు, వాటి సంవత్సరాలు, మూడు రకాల గీతలు కొలబద్ద గారు చెప్పిన విధంగానే. ఎత్తులు, నదుల పొరలను మార్చాలంటే, మంత్రంతోనైనా సరే, నీటితో సంబంధమున్న వారందరి సమ్మతీ కావాలి.

ఒక ఏడాదిపాటు కబురు లేకపోతేనే వాటా ఉమ్మడిలోకి వస్తుంది. అప్పుడు కూడా ఆ రచయిత పెట్టిన పేర్లు, రాసిన సంఘటనలు అలాగే ఉంటాయి. వాటి తర్వాతి కాలాన్ని మాత్రమే మరొకరు రాయగలరు. తొలకరి గారూ, మీరు ముందుగా ఒక్క మాట రాసి వెళ్తే ఆ గడువు కూడా వర్తించదు.

నల్లరేగడి

నాకు సమ్మతమే. నీటి సంవత్సరాల పట్టిక తొలి ముసాయిదా నేను తయారుచేస్తాను. మొదటి వందేళ్లకు సరిపడా ముందు పెడతాను. కరువు ఏళ్లు వరుసగా మూడుకు మించకుండా చూస్తాను.

లంకవాసి

నియమావళికి నా సమ్మతి. సోమిరి తొలి వంద సంవత్సరాల్లో రెండుసార్లు పాయ మారినట్టు చూపించే పటాలు నా దగ్గర సగం సిద్ధంగా ఉన్నాయి. కోత పడిన లంక, మేట పడిన లంక ఒకే రచయిత వాటాలోకి వచ్చేలా గట్టు గీతను కాస్త ఉత్తరానికి జరపవలసి ఉంటుంది. ఏడో బిందువు నుంచి తొమ్మిదో బిందువు దాకా ఉన్న గీత అది. అటువైపు వాటాను చదరంగం గారు కోరుకుంటున్నారు కనుక, ఆయన ఒప్పుకుంటేనే జరుపుదాం.

చదరంగం

జరపండి, లంకవాసి గారూ. దానికి బదులుగా తొమ్మిదో బిందువుకు పడమరనున్న రెండు గడుల మడ అడవి నా వైపు ఉంచండి. ఓడలకు కలప నాకు అక్కడి నుంచే రావాలి. గీతను ఒక్కసారే గీయాలన్నారు కనుక, పటం పొరలు గారు గీసి పెడితే ఇద్దరం చూసి సరేనంటాం.

పటం పొరలు

ఈ వారాంతంలో గీస్తాను. ఏడు, తొమ్మిది బిందువులతో పాటు, మడ అడవి కోసం పదమూడో బిందువును కొత్తగా చేర్చవలసి ఉంటుంది. పటం సవరించిన ప్రతిని ఇక్కడే పెడతాను. ఇద్దరూ చూసి ఒప్పుకున్న తర్వాత హద్దుల పొరకు కూడా తాళం వేస్తాను.